ఒక్క వరుస మార్చాలంటే...

మన ఫోన్లను, ప్రపంచంలోని సూపర్‌కంప్యూటర్లను నడిపిస్తున్న లినక్స్ కోడ్‌ను ఎవరైనా తెరిచి చూడొచ్చు. తప్పు కనిపిస్తే దిద్ది పంపొచ్చు. ఆ దిద్దుబాటు లోపలికి వెళ్లాలంటే మాత్రం ముక్కూమొహం తెలియని నలుగురు దాన్ని చదివి, ఒప్పుకోవాలి. ఓపెన్ సోర్స్ ప్రపంచం నిలబడిందీ, అప్పుడప్పుడు తడబడిందీ ఆ చదవడం దగ్గరే.

ప్యాచ్ అని పిలిచే ఆ దిద్దుబాటును తెరిచి చూస్తే అందులో పెద్దగా ఏమీ ఉండదు. తీసేస్తున్న వరుస ముందు మైనస్ గుర్తు, దాని బదులు పెడుతున్న వరుస ముందు ప్లస్ గుర్తు. ఆ చోటు ఏదో పోల్చుకోవడానికి పైన మూడు వరుసలు, కింద మూడు వరుసలు ఉన్నవి ఉన్నట్టుగా ఉంటాయి. రెండు ఫైళ్ల మధ్య తేడాను చూపించే ‘డిఫ్’ ప్రోగ్రామును 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డగ్లస్ మెకిల్‌రాయ్ రాశారు. ఆ తేడాను తీసుకెళ్లి అవతలివాళ్ల ఫైలుకు అతికించే ‘ప్యాచ్’ ప్రోగ్రామును 1985లో లారీ వాల్ రాశారు. తర్వాత పెర్ల్ భాషను సృష్టించిందీ ఆయనే. ఈ రెండూ వచ్చాక లక్షల వరుసల ప్రోగ్రామును మొత్తంగా పంపుకోవాల్సిన పని తప్పింది. మారిన నాలుగు వరుసలు పంపితే చాలు. అందుకున్నవాళ్లు చదువుతారు, నచ్చితే అతికించుకుంటారు, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో చెబుతారు. నలభై ఏళ్లు గడిచినా పద్ధతి అదే.

కోడ్ రాయడం నేర్చుకున్న ప్రతి ఒక్కరూ ఒక్కసారైనా ఈ దారిలో నడిచి చూడాలని నా కోరిక. తెలుగు నేల మీద ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు, కోడ్ రాసేవాళ్లకు అసలే కొదవ లేదు. తన కోడ్‌ను పరాయివాడు వరుస వరుసా చదివి ప్రశ్నిస్తే నిలబడి జవాబు చెప్పే అలవాటు మాత్రం తరగతి గదిలో రాదు. ఓపెన్ సోర్స్‌లో అది మొదటి రోజే ఎదురవుతుంది.

సరదాగా మొదలై...

1991 ఆగస్టు 25న హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి ఒకరు తాను ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని, అది సరదాకేనని ప్రకటించారు. ఆయనే లైనస్ టోర్వాల్డ్స్, అప్పటికి వయసు 21. ఆ సెప్టెంబర్‌లో బయటికి వచ్చిన మొదటి రూపంలో ఉన్నవి దాదాపు 10 వేల వరుసలు. ఇవాళ ఆ సిస్టమ్ గుండెకాయ అయిన లినక్స్ కెర్నెల్ 3 కోట్ల వరుసలు దాటింది. ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నది అదే. 2017 నవంబర్ నుంచి ప్రపంచంలోని 500 అగ్రశ్రేణి సూపర్‌కంప్యూటర్లన్నీ దాని మీదే నడుస్తున్నాయి.

తొమ్మిది పది వారాలకొకసారి కొత్త కెర్నెల్ విడుదలవుతుంది. ఒక్కో విడుదలలో 10 వేలకు పైగా మార్పులు చేరతాయి. వాటిని పంపేవాళ్లు రమారమి 2 వేల మంది. అంటే రాత్రీపగలూ కలుపుకొని ప్రతి గంటకూ కొన్ని మార్పులు లోపలికి వెళ్తూనే ఉంటాయి. వీళ్లంతా తీరిక వేళల్లో సేవ చేస్తున్నవాళ్లని చాలామంది అనుకుంటారు. నిజానికి కెర్నెల్‌కు వచ్చే మార్పుల్లో ఎక్కువ భాగం ఇంటెల్, గూగుల్, రెడ్ హ్యాట్ వంటి కంపెనీల్లో ఆ పనికే జీతం తీసుకుంటున్న ఇంజినీర్లవి. అయినా జీతగాడికీ, హాస్టల్ గదిలోంచి పంపే విద్యార్థికీ దారి ఒక్కటే. కంపెనీ పేరు చెబితే ప్యాచ్ లోపలికి పోదు.

మందు ఒక్క వరుస, రాత నలభై వరుసలు

ఒక చిన్న దోషం వెంట నడిచి చూద్దాం. యూఎస్‌బీ పరికరాన్ని నడిపించే డ్రైవర్ ఒకటి ఉంది. పరికరం తగిలించగానే అది కొంత మెమరీ తీసుకుని, ఆ తర్వాత పరికరాన్ని సిద్ధం చేస్తుంది. సిద్ధం చేయడంలో ఏదైనా బెడిసికొడితే తప్పు జరిగిందని చెప్పి వెనక్కి వచ్చేస్తుంది. వచ్చేటప్పుడు తీసుకున్న మెమరీని తిరిగి ఇవ్వడం మరిచిపోతోంది. పరికరం బాగున్నంత కాలం ఈ సంగతి ఎవరికీ తెలియదు. పాడైన పరికరాన్ని పదే పదే తగిలిస్తే మెమరీ కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. ఇలాంటి దోషాలు కెర్నెల్‌లో తరచూ దొరుకుతాయి. మందు ఒక్క వరుస: వెనక్కి వచ్చే ముందు ఆ మెమరీని వదిలెయ్యమని చెప్పడం.

ఆ వరుస రాయడానికి ఎంతోసేపు పట్టదు. అసలు పని తర్వాత మొదలవుతుంది. ప్యాచ్‌కు పైన ఒక వివరణ రాయాలి. మొదటి వరుసలో ఇది ఏ విభాగానిదో, ఏం చేస్తుందో క్లుప్తంగా చెప్పాలి. అదీ ‘సరిచేశాను’ అని కాదు, ‘సరిచెయ్యి’ అని కోడ్‌ను ఆదేశిస్తున్నట్టు. ఒక ఖాళీ వరుస వదిలి, ఒక్కో వరుస 75 అక్షరాలు దాటకుండా అసలు కథ రాయాలి. తప్పు ఏమిటి, ఎప్పుడు బయటపడుతుంది, వాడేవాళ్లకు దానివల్ల ఏం నష్టం, మందు ఇదే ఎందుకు. ఈ తప్పు పాత మార్పు ఒకదానితో వచ్చిందని తెలిస్తే ఆ మార్పు గుర్తింపు సంఖ్యలో మొదటి 12 అక్షరాలు, దాని శీర్షిక కూడా రాయాలి. పాత కెర్నెళ్లను నిర్వహించేవాళ్లు ఈ మందు తమకు కావాలో వద్దో దాన్ని చూసే తేల్చుకుంటారు.

కెర్నెల్ చరిత్రలో అన్నిటికన్నా విలువైనవి ఈ వివరణలేనని నేను నమ్ముతాను. మార్పు ఒక్క వరుసే ఉండి, వివరణ నలభై వరుసలున్న ప్యాచ్‌లు అక్కడ ఎన్నో కనిపిస్తాయి. పదేళ్ల తర్వాత ఆ వరుసను చూసి ‘ఇదెందుకుంది, తీసేద్దామా’ అనుకునే మనిషికి జవాబు అక్కడే దొరుకుతుంది. మంచి వివరణలు నాలుగు చదివితే ఆ విభాగం ఎలా పనిచేస్తుందో పుస్తకం లేకుండానే అర్థమవుతుంది. మన దగ్గర కోడింగ్ నేర్పేవాళ్లు ఈ రాత గురించి మాట్లాడడం చాలా అరుదు.

వివరణ అయ్యాక ‘చెక్‌ప్యాచ్’ అనే స్క్రిప్టు ఎడంవైపు ఖాళీ ఎంత వదిలారో కూడా చూసి తప్పులు పడుతుంది. కెర్నెల్‌లో ట్యాబ్ అంటే ఎనిమిది అక్షరాల వెడల్పు. దీని మీద బేరాల్లేవు. ఆ ప్యాచ్ ఎవరికి పంపాలో ‘గెట్ మెయింటెయినర్’ అనే మరో స్క్రిప్టు చెబుతుంది. ఏ ఫోల్డర్‌కు ఎవరు బాధ్యులో రాసిపెట్టిన పెద్ద ఫైలు ఒకటి కెర్నెల్‌లోనే ఉంది, ఈ స్క్రిప్టు అందులో వెతుకుతుంది. ఆ తర్వాత ఈమెయిల్‌లో, అటాచ్‌మెంట్‌గా కాకుండా, రంగులూ బొమ్మలూ లేని మామూలు అక్షరాల్లో పంపాలి. చదివేవాళ్లు తమకు అనుమానం వచ్చిన వరుస కిందే జవాబు రాయడానికి వీలుగా ఈ ఏర్పాటు. ఇరవై ఏళ్ల కిందటి వ్యవహారంలా కనిపించే ఈ పద్ధతిని వాళ్లు పట్టుకు వేలాడడానికి కారణం ఉంది. ఏ కంపెనీ వెబ్‌సైటు మూతపడినా ఈ పని ఆగదు.

పంపాక ఎదురుచూడాలి. జవాబు గంటలో రావచ్చు, రెండు వారాలైనా రాకపోవచ్చు. కనీసం వారమైనా ఆగకుండా గుర్తుచేయడం మర్యాద కాదు. వచ్చే జవాబుల్లో పొగడ్తలు తక్కువ. ‘ఇదే తప్పు పక్క ఫంక్షన్‌లోనూ ఉందిగా, అది కూడా చూడండి.’ ‘ఈ మెమరీని ఇక్కడ వదిలేస్తే, పరికరాన్ని తీసేసినప్పుడు ఇంకోసారి వదిలెయ్యదా?’ రెండో ప్రశ్నే అసలైనది. తీసుకున్నదాన్ని రెండుసార్లు వదిలేస్తే మెమరీ కరిగిపోవడం కన్నా పెద్ద ప్రమాదం. దాడి చేసేవాళ్లకు అది తలుపు తీసి పెట్టడమే. ఒక్క వరుస మందులోనే ఇంత ఉంది. కాబట్టి మళ్లీ కూర్చుని రెండో రూపం తయారుచేయాలి. మొదటిదానికీ దీనికీ ఏం మారిందో, వివరణ ముగిసే చోట ఉండే మూడు గీతల కింద రాయాలి. ఐదో రూపం, పదో రూపం దాకా వెళ్లేవి చాలా ఉంటాయి. కెర్నెల్ నిర్ణీత సమయంలో కచ్చితంగా స్పందించేలా చేసే ‘రియల్ టైమ్’ మార్పుల పని 2004 ప్రాంతంలో మొదలైంది. ముక్కలు ముక్కలుగా చేరుతూ చేరుతూ, చివరి ముక్క కెర్నెల్‌లోకి వెళ్లింది 2024 సెప్టెంబర్‌లో.

ఒప్పుకున్న మార్పును ఆ విభాగానికి బాధ్యులైన మెయింటెయినర్ తన కోడ్ ప్రతిలో చేర్చుకుంటారు. వాగులు ఏటిలోకి, ఏరు నదిలోకి చేరినట్టు అలాంటి ప్రతులన్నీ కలిసి చివరికి టోర్వాల్డ్స్ దగ్గరికి వెళ్తాయి. కొత్త మార్పులు కలుపుకోవడానికి ఆయన పెట్టుకున్న గడువు రెండే వారాలు. ఆ తర్వాత తలుపులు మూసేస్తారు. అక్కణ్నుంచి తప్పులు దిద్దడమే పని. ప్రతి ఆదివారం ఒక పరీక్షా రూపం వస్తుంది. ఏడో ఎనిమిదో ఆదివారాలు గడిచాక అసలు విడుదల. దారిలో యంత్రాలూ చదువుతాయి. ఇంటెల్ నడిపే పరీక్షా వ్యవస్థ ఒకటి వచ్చిన ప్యాచ్‌లను రకరకాల అమరికల్లో కంపైల్ చేసి, విరిగితే రాసినవారికే ఈమెయిల్ పెడుతుంది. అన్ని వేల మార్పులనూ టోర్వాల్డ్స్ ఒక్కరే చదవడం అసాధ్యం. ఫలానా మెయింటెయినర్ చదివారు కనుక ఆయన నమ్ముతారు, ఆ మెయింటెయినర్ నమ్మినవారు మరొకరు చదివి ఉంటారు. వ్యవస్థంతా ఈ గొలుసు మీదే ఉంది.

సంతకం ఎందుకు?

ప్రతి ప్యాచ్ వివరణ చివర రాసినవారి పేరు, ఈమెయిల్‌తో ఒక సంతకం వరుస ఉంటుంది. దాని వెనక ఒక దావా ఉంది. 2003లో ఎస్‌సీవో అనే అమెరికా కంపెనీ తమ యూనిక్స్ కోడ్‌ను లినక్స్‌లోకి తరలించారంటూ ఐబీఎంను కోర్టుకు లాగింది. లక్షల వరుసల్లో ఏ వరుస ఎవరిచ్చారో, ఇచ్చే హక్కు వారికి ఉందో లేదో చెప్పమంటే వెంటనే చెప్పగలిగే స్థితి అప్పుడు లేదు. 2004లో టోర్వాల్డ్స్ కొత్త నియమం తెచ్చారు. ఇది నేనే రాశాను, లేదా పంపే హక్కు నాకు ఉంది అని ప్రతి ఒక్కరూ సంతకం చేయాలి. దాన్ని పైకి పంపే మెయింటెయినర్ కూడా కింద తన సంతకం చేర్చాలి. చదివినవారు, పరీక్షించినవారు, తప్పు మొదట చూపినవారు అందరికీ తలా ఒక వరుస ఉంటుంది. ఒక్క వరుస కోడ్ కింద ఐదారు పేర్లుండడం అక్కడ మామూలే. ఆ పేర్లు చెరిగిపోవు.

మరుసటి ఏడాదే ఇంకో దెబ్బ తగిలింది. అప్పటిదాకా మార్పుల లెక్క చూసుకోవడానికి వాడుతున్న బిట్‌కీపర్ ఒక కంపెనీ సొత్తు. ఉచితంగా వాడుకోనిచ్చిన ఆ కంపెనీ 2005లో ఇక కుదరదంది. చేతిలో ఉన్నవేవీ తన అవసరానికి సరిపోవని టోర్వాల్డ్స్ సొంతంగా ఒకటి రాయడం మొదలుపెట్టారు. 2005 ఏప్రిల్ మొదటి వారంలోనే ‘గిట్’ తన చరిత్రను తనే దాచుకునే స్థాయికి వచ్చింది. ఆ జూలైలోనే దాన్ని జూనియో హమానోకు అప్పజెప్పి ఆయన కెర్నెల్ పనికి వెళ్లిపోయారు. ఇవాళ ప్రపంచంలో సాఫ్ట్‌వేర్ రాసే చోట గిట్ లేని చోటు వెతుక్కోవాల్సిందే. 2008లో వచ్చిన గిట్‌హబ్ దాని మీద కట్టిందే. 2018లో దాన్ని 750 కోట్ల డాలర్లకు మైక్రోసాఫ్ట్ కొన్నది మన హైదరాబాదీ సత్య నాదెళ్ల హయాంలో. 2001లో అదే కంపెనీ అధిపతి స్టీవ్ బామర్ లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చారు. పదిహేడేళ్లలో గాలి అంతగా తిరిగింది.

ఈ లోకంలో అంతా సవ్యంగా ఉందనలేం. కెర్నెల్‌లో మాటల కాఠిన్యం చాలాకాలం ఒక మచ్చ. టోర్వాల్డ్స్ స్వయంగా రాసిన ఈమెయిళ్లు కొందర్ని శాశ్వతంగా దూరం చేశాయి. 2018 సెప్టెంబర్‌లో ఆయన బహిరంగంగా క్షమాపణ చెప్పి, కొన్ని వారాలు పక్కకు తప్పుకున్నారు. ప్రవర్తనా నియమావళి వచ్చింది. ఇది ఎప్పుడో జరగాల్సింది. కోడ్‌ను నిర్దాక్షిణ్యంగా ప్రశ్నించడం వేరు, మనిషిని కించపరచడం వేరు. మొదటిది లేకపోతే కెర్నెల్ లేదు. రెండోది లేకపోతే పోయేదేమీ లేదు.

చదివే కళ్లు తక్కువైనప్పుడు

2003 నవంబర్‌లో లినక్స్ కోడ్ ప్రతి ఒకదానిలోకి ఎవరో రెండు వరుసలు చొప్పించారు. చూడ్డానికి అది ఒక మామూలు తనిఖీ. వాడుతున్నవారి గుర్తింపు సంఖ్య సున్నా అవునా కాదా అని అడుగుతున్నట్టుంది. లినక్స్‌లో సున్నా అంటే సర్వాధికారి. సి భాషలో ‘సమానమా’ అని అడగాలంటే సమాన గుర్తు రెండుసార్లు రాయాలి. అక్కడ ఒక్కసారే ఉంది. ఒక్కసారి రాస్తే అది అడగడం కాదు, సున్నా చేసెయ్యమని చెప్పడం. అంటే ఒక ప్రత్యేకమైన పద్ధతిలో ఆ ఫంక్షన్‌ను పిలిచినవాళ్లు ఎవరైనా క్షణంలో సర్వాధికారి అయిపోతారు. ఆ మార్పుకు అసలు ప్రతిలో ఆమోదం ఉన్న దాఖలా లేకపోవడంతో వెంటనే పట్టుబడింది. చొప్పించిందెవరో ఇప్పటికీ బయటికి రాలేదు.

పట్టుబడని కథా ఉంది. ఇంటర్నెట్‌లో రహస్య సంభాషణలకు ఆధారమైన ఓపెన్ఎస్ఎస్ఎల్‌లోకి 2011 చివర్లో ఒక కొత్త సదుపాయం చేరింది. అవతలి కంప్యూటరు బతికే ఉందా అని పలకరించే చిన్న సందేశం అది. సందేశం పొడవు ఇంత అని పంపినవాళ్లు చెబుతారు, ఇవతలివాళ్లు అంతే పొడవు తిరిగి పంపాలి. చెప్పిన పొడవు నిజమేనా అని చూసే వరుస రాయడం మరిచిపోయారు. రాసింది ఒకరు, చదివి ఒప్పుకున్నది ఇంకొకరు. ఇద్దరి కళ్లకూ కనబడలేదు. ఒక్క అక్షరం పంపి 64 వేల అక్షరాలని చెబితే, మిగతాది సర్వర్ తన మెమరీలోంచి తీసి ఇచ్చేది. అందులో పాస్‌వర్డులుండొచ్చు, తాళంచెవులుండొచ్చు. 2014 ఏప్రిల్‌లో బయటపడిన ఈ ‘హార్ట్‌బ్లీడ్’ వేళకు ప్రపంచంలోని వ్యాపారమంతా నమ్ముకున్న ఆ సాఫ్ట్‌వేర్‌ను చూసుకుంటున్నది చాలా చిన్న బృందం. తప్పు వాళ్లదని నేను అనను. వాడుకుని చేతులు దులుపుకున్నవాళ్లందరిదీ అది.

2021లో రేగిన వివాదమైతే ఇంకా బాధాకరం. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు, కావాలని లోపాలు దాచిన ప్యాచ్‌లను కెర్నెల్‌కు పంపి, చదివేవాళ్లు పట్టుకుంటారో లేదో చూశారు. ఎవరి అనుమతీ తీసుకోలేదు. కెర్నెల్ పెద్దల్లో ఒకరైన గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఆ ఏప్రిల్‌లో ఆ విశ్వవిద్యాలయం నుంచి మార్పులు తీసుకోవడమే ఆపేశారు. అక్కణ్నుంచి అంతకుముందు వచ్చిన మార్పులన్నిటినీ మళ్లీ తిరగేయాల్సి వచ్చింది. పరిశోధన పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. చదివేవాళ్ల సమయాన్ని, నమ్మకాన్ని ప్రయోగశాల చేసుకోకూడదని విశ్వవిద్యాలయాలకు అప్పుడు తెలిసొచ్చింది.

2024 మార్చి 29న బయటపడింది ఎక్స్‌జెడ్ కథ. ఫైళ్లను కుదించే ఈ చిన్న సాఫ్ట్‌వేర్‌ను ఏళ్లతరబడి ఫిన్లండ్‌కు చెందిన లాసె కొలిన్ ఒక్కరే చూసుకుంటూ వచ్చారు. 2021లో ‘జియా టాన్’ పేరుతో ఒకరు వచ్చి మంచి మంచి ప్యాచ్‌లు పంపడం మొదలుపెట్టారు. 2022లో ఊరూపేరూ తెలియని మరికొందరు పని నత్తనడక నడుస్తోందని, కొత్తవాళ్లకు అప్పజెప్పమని ఒత్తిడి తెచ్చారు. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, జీతం లేని పని ఇదని కొలిన్ అప్పుడే చెప్పుకున్నారు. క్రమంగా జియా టాన్‌కు పగ్గాలు అందాయి. రెండేళ్లకు పైగా నమ్మకంగా పనిచేసిన ఆ చేతే పరీక్షల కోసం ఉంచిన ఫైళ్లలో దొంగదారిని దాచింది. అది లక్షల సర్వర్లలోకి పాకేదే. సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆరా తీయబట్టి, స్థిరమైన విడుదలల్లోకి చేరకముందే దొరికింది. అర సెకనును పట్టించుకున్న మనిషి ఒకరుండబట్టి ప్రపంచం గట్టెక్కింది.

ఇన్ని చెప్పింది భయపెట్టడానికి కాదు. ఈ లోకంలో కొరత రాసేవాళ్లకు లేదు, చదివేవాళ్లకు ఉంది. అది తెలియకుండా మన పిల్లలను అక్కడికి పంపితే ఏమవుతుందో ఇప్పటికే చూశాం.

టీషర్టు కోసం

అక్టోబర్ నెలలో ఓపెన్ సోర్స్‌కు మార్పులు పంపితే టీషర్టు ఇచ్చే ‘హాక్టోబర్‌ఫెస్ట్’ 2014లో మొదలైంది. ఉద్దేశం మంచిదే. 2020లో నాలుగు మార్పులు పంపితే చాలన్నారు. వివరణ ఫైలులో ఎక్కడో ఒక విశేషణం చేర్చి పంపడం ఎలాగో ఒక వీడియో చూపింది. అంతే, ప్రపంచవ్యాప్తంగా మెయింటెయినర్ల మీద పనికిరాని మార్పులు వెల్లువెత్తాయి. అందులో మన దేశపు విద్యార్థుల వాటా చిన్నది కాదు. మూడు రోజులు తిరక్కుండానే నిర్వాహకులు నియమం మార్చి, ఇష్టపడిన ప్రాజెక్టులకే పరిమితం చేశారు. 2024 ఫిబ్రవరిలోనూ ఇలాగే జరిగింది. మార్పు పంపడం ఎలాగో నేర్పే హిందీ పాఠం ఒకటి ఎక్స్‌ప్రెస్ అనే ప్రసిద్ధ ప్రాజెక్టును ఉదాహరణగా చూపింది. చూసినవాళ్లు చూసినట్టే దాని వివరణ ఫైలులో తమ పేర్లు రాసి పంపేశారు. ఇప్పుడు కృత్రిమ మేధతో రాయించిన ఉత్తుత్తి భద్రతా నివేదికలు దీనికి తోడయ్యాయి. అవి చదవలేక చస్తున్నామని కర్ల్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు కర్త డేనియల్ స్టెన్‌బర్గ్ బాహాటంగానే మొత్తుకుంటున్నారు.

ఆ విద్యార్థులను తిట్టిపోయడం సులభం. నాకు వాళ్ల మీద కోపం లేదు. రెజ్యూమెలో ‘ఓపెన్ సోర్స్’ అన్న మాట ఉండాలని, గిట్‌హబ్ పేజీలో ఆకుపచ్చ గళ్లు నిండాలని వాళ్లకు చెప్పిందెవరు? ఆ ఫైలు అవతల నిద్ర మానుకుని చదివే మనిషి ఉన్నాడని చెప్పనిదెవరు? గిట్‌హబ్‌లో అమెరికా తర్వాత ఎక్కువ ఖాతాలున్నది మన దేశానికే. కొన్ని నెలలు ఓపెన్ సోర్స్‌లో పనిచేసేవాళ్లకు డబ్బిచ్చే ‘సమ్మర్ ఆఫ్ కోడ్’ను గూగుల్ 2005 నుంచి నడుపుతోంది. అందులో ఎంపికయ్యేవాళ్లలో చాలా ఏళ్లుగా మనవాళ్లే ఎక్కువ. ఆ నెలలు గడిచి, డబ్బు అందాక కూడా అదే ప్రాజెక్టులో ఉండి ఇతరుల ప్యాచ్‌లు చదివేవాళ్లు కావాలి. పాఠం చెప్పేవాళ్లు మొదట చెప్పాల్సింది ఇదే.

తెలుగువాళ్లే చేయాల్సిన పని

‘లక్ష్మి’ అని టైపు చేయండి. కంప్యూటరు దాచుకునేది ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. తెర మీద ష, మ ఒత్తులుగా మారాలి. అన్నిటికన్నా చివర టైపు చేసిన గుడి వెనక్కి వెళ్లి ‘క’ తల మీద కూర్చోవాలి. ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రెఆఫీస్‌లో ఈ కూర్పు చేసేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. దాన్ని నడిపించినవారు ఇరాన్‌లో పుట్టిన బెహదాద్ ఎస్ఫహ్‌బోద్. అందులో భారతీయ లిపులకు ఒక ఫైలుంది, ఒక్కో లిపికి ఒక్కో నియమాల వరుస ఉంది. కన్నడంలో ‘ర’కు పొల్లు వచ్చి మరో హల్లు వస్తే ఆ ‘ర’ దానంతట అదే రేఫ గుర్తుగా మారిపోతుంది. తెలుగులో అలా కాకూడదు, ప్రత్యేకంగా అడిగితేనే ఆ గుర్తు, అంటే వలపలగిలక, రావాలి. మన పాత పుస్తకాల వలపలగిలకకు, ఇవాళ్టి మామూలు రాతకు ఉన్న తేడా ఆ వరుసలో ఒక్క మాటగా ఉంది. ఎవరైనా తెరిచి చూడొచ్చు.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను గడగడలాడించిన తెలుగు అక్షరం గుర్తుందా? ‘జ్ఞా’లో ఞ తర్వాత, కంటికి కనబడని విడదీసే గుర్తు ఒకటి ఇరికించి పంపితే అవతలి ఫోన్‌లో యాప్ కూలిపోయేది. లోపం ఆపిల్ అక్షరకూర్పు కోడ్‌లో ఉంది. ఆ కోడ్ మూసి ఉంది. కోట్లాది తెలుగువాళ్లలో ఎవరికి ఎంత తెలిసినా దాన్ని తెరిచి చూసే దారి లేదు, దిద్ది పంపే దారి అసలే లేదు. 19వ తేదీన ఆ కంపెనీ మందు పంపేదాకా అందరూ ఆగాల్సిందే. హార్ఫ్‌బజ్‌లో తప్పుంటే ఇలా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మన భాష సంగతి మన చేతిలో ఉండడం అంటే నాకు ఇదే.

పని మిగిలే ఉంది. చూపులేనివారు కంప్యూటరు వాడడానికి తోడ్పడే ఎన్‌వీడీఏను ఆస్ట్రేలియాలో 2006లో మైఖేల్ కరన్ మొదలుపెట్టారు. ఆయనకూ చూపు లేదు. అది తెర మీది అక్షరాలను ఈస్పీక్ అనే మరో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు గొంతుతో చదివి వినిపించగలదు. ఈస్పీక్‌లో తెలుగు ఉంది. ఏ అక్షరం ఎలా పలకాలో చెప్పే నియమాలు మామూలు టెక్స్ట్ ఫైలులో, తెలుగు అక్షరాలతోనే ఉన్నాయి. ‘చాప’లో ఉన్నదీ, ‘చేప’లో ఉన్నదీ రాతలో ఒకే ‘చ’. పలుకులో వేరు. ఏ మాటలో ఏది పలకాలో బెర్లిన్‌లోనో బోస్టన్‌లోనో కూర్చున్న మెయింటెయినర్‌కు ఎలా తెలుస్తుంది? ఒక తెలుగు టీచరు, కాస్త గిట్ తెలిసిన ఒక విద్యార్థి పక్కపక్కన కూర్చుని ఆ ఫైలు తెరిస్తే చూపులేని తెలుగు పిల్లల చెవుల్లోకి వెళ్లే ప్రతి పాఠమూ మెరుగుపడుతుంది. సి భాష రాకపోయినా చేయగల పని ఇది.

2021లో, అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్ 14వ రూపంలో మన నకారపొల్లుకు చోటు దక్కింది. సంకేతం దక్కినంత మాత్రాన అక్షరం తెర మీదికి రాదు. ప్రతి ఫాంటులోనూ ఎవరో గీయాలి, ప్రతి కీబోర్డులోనూ ఎవరో చేర్చాలి. పాత కావ్యాలను డిజిటల్ చేసేవాళ్లకు ఇది నిత్యావసరం. ఈ దారిలో ముందు నడిచినవాళ్లున్నారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను అందరికీ వదిలేయబట్టే అవి లినక్స్ పంపిణీల్లోకి చేరాయి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ఏళ్లుగా శ్రమించింది. ఫైర్‌ఫాక్స్ మెనూలను తెలుగులోకి తెచ్చినవాళ్లు స్వచ్ఛందంగా చేసినవాళ్లే.

మొదలుపెట్టాలనుకునేవాళ్లు తాము రోజూ వాడే సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకుంటే మంచిది. ముందు దాన్ని సొంత కంప్యూటరులో కంపైల్ చేసి నడపాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఇక్కడే ఓపిక పట్టాలి. ఎవరో చెప్పిన లోపం ఒకటి తీసుకుని, అది మీ దగ్గరా వస్తోందో లేదో చూసి, ఏ పరిస్థితిలో వస్తోందో రాసి పంపండి. మెయింటెయినర్‌కు అది చాలా ప్యాచ్‌ల కన్నా మేలు చేస్తుంది. గత ఆరు నెలల్లో లోపలికి వెళ్లిన మార్పులు, వాటి మీద జరిగిన వాదనలు చదవండి. ఆ తర్వాతే మీ వరుస రాయండి. తిరస్కరిస్తే కారణం అడగండి, వాదించండి, తప్పు మీదైతే ఒప్పుకుని రెండో రూపం పంపండి.

ప్యాచ్ లోపలికి వెళ్లాక ఆ వరుస పక్కన మీ పేరు ఉంటుంది. గిట్‌లో ఒక్క ఆదేశంతో ఏ వరుస ఎవరిదో ఎవరైనా చూడొచ్చు. ఏడాదికో, ఐదేళ్లకో ఎవరికో ఆ వరుసలో తేడా కనిపిస్తుంది. అప్పుడు వాళ్లు ఈమెయిల్ పెట్టేది మీకే. అప్పటికి ఉద్యోగం మారి ఉండొచ్చు, ఆ కోడ్ సగం మరిచిపోయి ఉండొచ్చు. వివరణలో మీరే రాసుకున్నది మళ్లీ చదివి, జవాబు ఇవ్వండి.